ఎసట్లోనే అయిపోయిన ప్రార్థన

నాకు కోపం ఎక్కువ. మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు, దాచుకునేదేం లేదు.

మా అమ్మ బళ్లారి మిషన్ హాస్టల్లో వంట చేసేది. ఎసరు మరిగాక బియ్యం పోసేటప్పుడే కళ్లు మూసుకుని ప్రార్థన చేసేసేది. వడ్డించాక ఇక తినడమే. ఆకలితో ఉన్నవాళ్ల ముందు అన్నం పెట్టి ఆగమనడం పాపమని ఆమె లెక్క. ఆ అలవాటే నాకూ వచ్చింది. ఇరవై ఏళ్లుగా చర్చి వంటగది బీగం చెవి నా కొంగునే ఉండేది.

మొన్నటి చెరకు కోతలప్పుడు, బళ్లారి పక్క ఎమ్మిగనూరు దగ్గర గుడిసెలు వేసుకున్న కూలీలకు ఆదివారం మధ్యాహ్నం అన్నం పెట్టాలని సంఘం అనుకుంది. ఎక్కడో ఉత్తరం నుంచి వచ్చినవాళ్లు. తెలుగు రాదు, కన్నడ అంతంత మాత్రం.

మొదటి ఆదివారం మా సంఘ పెద్ద మైకు తెచ్చాడు. ముందు దేవుని వాక్యం, తర్వాతే అన్నం అన్నాడు. నేను నోరు మూసుకున్నాను, అదే నా తప్పు. ఆయన తెలుగులో అరగంట చెప్పాడు. వాళ్లకు ఒక్క ముక్క అర్థమై ఉంటే ఒట్టు. ఇంతలో చెరకు లారీ హారన్ కొట్టింది. లోడెత్తకపోతే మేస్త్రీ ఊరుకోడు, అందరూ లేచిపోయారు. చంటిబిడ్డ తల్లి ఒకామె నా అన్నం గుండిగ వంక చూసి, ఖాళీ పళ్లెం గుడిసెలో పడేసి, బిడ్డను వీపుకు కట్టుకుని పోయింది. అన్నం గుడిసెల్లో పెట్టి వచ్చాను గానీ, వాళ్లు తినేది పొద్దు గూకాకే. పాలిచ్చే తల్లి అప్పటిదాకా ఎట్లా ఉంటుంది? దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం ఎసట్లో బియ్యం పోస్తూనే ప్రార్థన కానిచ్చేశాను. అక్కడికి పోగానే వడ్డన మొదలుపెట్టాను, మొదటి గరిటె ఆ తల్లికే. సంఘ పెద్ద పరుగున వచ్చాడు.

"ప్రార్థన లేకుండా పెడతాండావేమక్కా?"

"ఎసట్లోనే అయిపోయిందప్పా. ఈళ్లు తిన్నాక నువ్వు ఎంతసేపైనా చెప్పుకో."

తిన్నాక వినేదెవరని అననే అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"అన్నం ఎర వేసి పట్టుకోనీకి ఈళ్లేమన్నా చేపలా అప్పా?"

అట్లయితే బీగం చెవి ఇచ్చేయమన్నాడు, అందరి ముందూ. ఇరవై ఏళ్లు ఆ వంటగది పొగ మింగినదాన్ని. అయినా కొంగు ముడి విప్పాను. చెవి ఆయన మైకు పెట్టె మీద పెట్టి మళ్లీ గరిటె అందుకున్నాను.

లారీ వచ్చేసరికి ఆ తల్లి రెండోసారి పెట్టించుకున్నది కూడా తినేసి పళ్లెం కడుక్కుంటోంది. కూలీలంతా వెళ్లిపోయారు. ఖాళీ గుడిసెల ముందు సంఘ పెద్ద మైకు పట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్లి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పప్పా, వింటా."

ఆయన మైకు పెట్టెలో పెట్టేసి, బీగం చెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. కోతలయ్యేదాకా మా ఇంటి పొయ్యి మీదే, మూడు చిన్న గిన్నెల్లో వండి తీసుకుపోయాను. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఆయన పేరు కూడా ప్రార్థనలో కలిపేదాన్ని, కోపంగానే.