పాలగిన్నెలో సెన్సర్

చెకింగాయనకు ఈ ప్రపంచంలో ఏ ముల్లు మీదా నమ్మకం లేదు. గడియారం ముల్లు, తూకం ముల్లు, పెట్రోలు ముల్లు, ఏదైనా సరే, ఇంకోదానితో పోల్చి చూసేదాకా ఆయనకు ముద్ద దిగదు. లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. లారీలు పోయాయి, అనుమానం మాత్రం పెన్షనుతో పాటు ఇంటికొచ్చింది.

దాంతో వేగాల్సింది భార్య. ఒకసారి ఆవిడకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. ఆయన థర్మామీటరు పెట్టాడు, తీశాడు, చూశాడు, కడిగి తన నోట్లో కూడా పెట్టుకున్నాడు.

"ముందు మందు తెండి మహాప్రభో! నేను చెప్తున్నాగా, జ్వరమని!"

"నిన్నెవరు కాదన్నారు? దీని సంగతే తేలాలి" అంటూ మందుల షాపుకు పరిగెత్తాడు. మందుతో పాటు ఇంకో థర్మామీటరు తెచ్చాడు.

షెడ్డులో ఒక పాత కారుంది. ఆవిడ తండ్రి నడిపిన కారు. ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే. ఒకసారి ఆవిడ అందరినీ ఎక్కించుకుని కొండ రోడ్డు ఎక్కుతుంటే, బానెట్‌లోంచి పొగలు కక్కి నడిరోడ్డున ఆగిపోయింది. వెనకసీటులో ఉన్న మరిది దిగీ దిగకముందే తీర్పు చెప్పేశాడు.

"వేడి ముల్లు చూసుకోవద్దా వదినా?"

"చూశానయ్యా! మధ్యలోనే ఉంది!"

"మధ్యలో ఉంటే ఇంజిన్ ఎందుకు ఉడుకుతుంది?"

అప్పటి నుంచి నలుగురు చేరిన చోటల్లా మరిది ఆ కథే చెప్పి నవ్వించేవాడు. 'ఇంజిన్ ఉడికించిన వదిన' అని పేరు కూడా పెట్టాడు. మెకానిక్ ఇంజిన్ బాగుచేశాడు గానీ, ఆవిడ మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. రానురాను, అసలు ముల్లు చూశానా లేదా అని ఆవిడకే అనుమానం పట్టుకుంది. అన్నిటికన్నా ఒళ్ళు మండే విషయం ఏమిటంటే, మొగుడు ఒక్కసారైనా వెనకేసుకురాలేదు. తమ్ముడు వెక్కిరిస్తుంటే ఈయన కారు మీటరు ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు.

తర్వాత వంటింటి మీద పడ్డాడు. ఇంజిన్ వేడిని పసిగట్టి మీటరుకు కబురు పంపే సెన్సర్‌ను విప్పుకొచ్చి, పాలగిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి, అందులో దాన్ని దారంతో వేలాడదీశాడు. గట్టు మీద కారు బ్యాటరీ, పక్కన మీటరు. నీళ్ళు మరిగాయి. ముల్లు కదల్లేదు.

"ఈ నీళ్ళలోనే ఏదో తేడా ఉన్నట్టుందే" అన్నాడు.

"ఇక నీళ్ళ మీద కూడానా!" ఆవిడ తల పట్టుకుంది.

సెన్సర్ ఒంటికి ఎర్త్ వైరు కట్టలేదని మర్నాటికి గానీ ఆయనకు తట్టలేదు. కట్టాక ముల్లు కదిలింది. ఇప్పుడు అనుమానం నీళ్ళ వేడి చూసేందుకు తెచ్చిన ల్యాబు థర్మామీటరు మీదికి మళ్ళింది. ఇంకోటి తెస్తే రెండూ రెండు మాటలు చెప్పాయి. ఆ తగువు తీర్చడానికి మరొకటి తెచ్చాడు.

"ఏమండీ, నేను పాలు కాచుకోవాలి!"

"నల్ల టీ పెట్టుకుందాం, ఒంటికి మంచిది."

"నల్ల టీకి గిన్నె అక్కర్లేదా?"

ఆయన ఆలోచించాడు. ఇంకో పాలగిన్నె కొనుక్కొచ్చాడు. ఆ గిన్నె బాగుందని సెన్సర్‌ను అందులోకి మార్చాడు.

ఆ ఆదివారం మరిది వచ్చాడు. వస్తూనే "ఇవాళ ఏం ఉడికిస్తున్నావ్ వదినా?" అన్నాడు. ఆవిడ విసురుగా వెళ్ళిపోబోయింది.

"నువ్వుండు" అన్నాడు చెకింగాయన. "ఒరేయ్, నువ్విలా రా. ఈ థర్మామీటరు పట్టుకో. గిన్నె అడుక్కి తగలనివ్వకు."

మరిది నవ్వుతూ పట్టుకున్నాడు. నీళ్ళు వేడెక్కాయి. ముల్లు లేచి, మధ్యదాకా వచ్చి, అక్కడే బైఠాయించింది. నీళ్ళు కుతకుతమన్నాయి. ఆవిరికి మరిది కళ్ళజోడు మసకబారింది.

"ఎంతుంది?"

"వంద డిగ్రీలు."

"ముల్లు?"

మరిది కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. మళ్ళీ తుడుచుకుని చూశాడు. "మధ్యలోనే ఉందన్నయ్యా."

చెకింగాయన పాత సెన్సర్ తీసి, షాపు నుంచి తెచ్చిన కొత్తది ముంచాడు. అదే మీటరు, అవే నీళ్ళు. ముల్లు చరచరా ఎర్రగీత దాటింది.

"మీటరు మంచిదే. అబద్ధాలాడింది సెన్సర్. ఆ రోజు మీ వదిన ముల్లు మధ్యలోనే ఉందంది. నిజంగానే మధ్యలో ఉంది."

మరిది మొహం చిన్నబోయింది. "తప్పయిపోయింది వదినా" అన్నాడు మెల్లిగా.

ఆవిడకు కోపం ఆగలేదు. "ఇన్నాళ్ళూ ఇందుకా మీరు నా వంటింటిని నాశనం చేసింది? నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"నేను ఆ రోజే నమ్మాను. వీడు నమ్మాలిగా? నోటిమాటతో నమ్మే రకమా వీడు?"

"మీ తమ్ముడే కదా, ఆ పోలిక ఎక్కడికి పోతుంది!" అంది ఆవిడ, ఏడవాలో తిట్టాలో తెలియక.

సాయంత్రం ఆయన బ్యాటరీ, మీటరు, కొత్త సెన్సర్ బిగించాక, ఆవిడ కారు బయటికి తీసింది. మొదట గేర్లు గరగరలాడాయి, వీధి మలుపు దాటేసరికి సర్దుకున్నాయి. వెనకసీటులో మరిది బుద్ధిగా కూర్చున్నాడు. కొండ రోడ్డు దగ్గర దారి రెండుగా చీలింది.

"ఏమండీ, ఎటు తిప్పను?"

పక్కకు చూస్తే, చెకింగాయన ఏ ముల్లునీ పట్టించుకోకుండా కిటికీకి తల ఆనించి గుర్రు పెడుతున్నాడు.

"కాస్త దారి చెప్పడానికైనా మేలుకోకూడదూ ఈయన!" అని విసుక్కుంటూ, వస్తున్న నవ్వును ఆపుకుంటూ, ఆవిడ తనకు నచ్చిన వైపు తిప్పింది.