రన్నింగ్ రూమ్ వంటగట్టుకు రెండు రంగులు

1994 జులైలో నన్ను లైను మీది సెక్షన్ నుంచి బిలాస్‌పూర్ రైల్వే కాలనీకి ఐఓడబ్ల్యూగా వేశారు. ఐఓడబ్ల్యూ అంటే ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్. పట్టాలూ వంతెనలూ మావి కావు, వాటికి వేరే ఇన్‌స్పెక్టర్లున్నారు. క్వార్టర్ల కప్పులు, నీళ్ల గొట్టాలు, మురుగు కాలవలు, ప్రహరీలు మావి. మాకు పైన ఏఈఎన్ అనే అసిస్టెంట్ ఇంజనీరు, కింద మేస్త్రీలు, ఖలాసీలు. కాలనీలో ఎవరి కప్పు కారినా తిట్లు తినేది మాత్రం మధ్యలో ఉన్న మేమే. నేను అదే కాలనీలో పుట్టి పెరిగాను. మా తాత పార్వతీపురం వైపు నుంచి లోకో షెడ్డులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అందువల్ల నన్ను తిట్టేవాళ్లలో సగం మంది నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పినవాళ్లే. ఎదురు చెప్పడానికి కూడా ఉండేది కాదు.

వానలు ఇంకా తగ్గకముందే ఏఈఎన్ పిలిచి ఒక పని అప్పజెప్పారు. కాలనీ చివర ఉన్న ఒక రన్నింగ్ రూములో బొగ్గు పొయ్యిలు తీసేసి గ్యాసు పెడుతున్నారు. దానికి కొత్త వంటగట్టు కట్టాలి. ఒకటి కాదు, రెండు. రెండూ వేరు వేరు రంగుల్లో ఉండాలి. నిద్రమత్తులో ఉన్న మనిషికి కూడా ఏది ఏదో తేడా తెలియాలి అన్నారు.

రెండు గట్లు ఎందుకో చెప్పాలంటే రన్నింగ్ రూమ్ పద్ధతి కొంత తెలియాలి. దూరపు స్టేషన్ల నుంచి బండి తెచ్చిన డ్రైవర్లు, గార్డులు మళ్లీ డ్యూటీ పడేదాకా పడుకునే చోటు అది. మంచం, దోమతెర, స్నానానికి నీళ్లు ఉంటాయి. భోజనం సంగతే బయటివాళ్లకు వింతగా తోస్తుంది. ఆ రోజుల్లో ఎవరి సరుకు వాళ్లే సంచిలో తెచ్చుకునేవారు. బియ్యమో గోధుమపిండో, పప్పు, నాలుగు కూరగాయలు, కొందరైతే దారిలో కొన్న చేప. ఆ సంచి వంటవాడి చేతికిచ్చి పడుకుంటే, ఎవరిది వారికి వేరే గిన్నెలో వండి, లేచే వేళకు కంచంలో పెట్టేవాడు. ఒక పొయ్యి మీద కట్నీ డ్రైవరు పప్పు ఉడుకుతుంటే పక్క పొయ్యి మీద చక్రధర్‌పూర్ గార్డు చేపల కూర ఉడికేది. అందరికీ కలిపి ఒక వంట అనే మాట అక్కడ లేదు. మనిషి తన బండిని ఎంత నమ్మేవాడో వంటవాణ్ణీ అంతే నమ్మాలి. ఎందుకంటే తాను నిద్రలో ఉండగా తన గిన్నెలో ఏం జరిగిందో చూసేవాడు లేడు.

అక్కడి వంటవాడు సింహాచలం. టెక్కలి దగ్గరి ఊరు, బిలాస్‌పూర్ పక్కనే ఉన్న లాల్‌ఖదాన్‌లో ఇల్లు. మా నాన్నతో కలిసి తిరిగినవాడు కనుక నాకు మావ. నలుగురిలో నన్ను "సాబ్" అనేవాడు, ఒంటరిగా దొరికితే "బాబూ" అనేవాడు. బండి దిగిన డ్రైవర్లు గుమ్మంలోంచే "సింహా!" అని కేకేసి సంచి అందించేవారు. ఆ కేక వింటే అతని మొహం వెలిగిపోయేది. పాత గట్టు ఒక్కటే కావడంతో శాకాహారులు చాన్నాళ్లుగా గొణుగుతున్నారు. చేప కోసిన చోటే మా వంకాయా కోస్తున్నారు అని వాళ్ల ఫిర్యాదు. అందులో అబద్ధం లేదు.

పనికి మంజూరు అంతంతమాత్రం. కాబట్టి ముందు రిలీజ్డ్ మెటీరియల్ చూసుకోవాలి. ఒక చోట పీకిందీ, ఇంకో పనిలో మిగిలిందీ మా స్టోర్లో ఆ పేరుతో పడి ఉంటుంది. వెతికితే ఆఫీసర్ల విశ్రాంతి గృహంలో మిగిలిన తెల్ల పాలరాతి పలకలు దొరికాయి. శుద్ధ శాకాహారానికి తెల్లరాయి కంటే ఏం కావాలి? అడిగిన వాళ్లందరూ బాగుందన్నారు. దూబే అనే కట్నీ డ్రైవరైతే ఆ పలకను చేత్తో నిమిరి, గుడిలో నేలలా ఉందన్నాడు. ఆ ఫిర్యాదులన్నిటికీ పెద్ద గొంతు ఆయనదే కనుక నాకు సగం భారం తీరింది.

చేపల గట్టుకు నల్లది కావాలి. స్టోర్లో కడప బండలున్నాయి. కానీ అవి సాదా నలుపు, చూడ్డానికి బొగ్గు ముక్కలా మొద్దుగా ఉంటాయి. గ్యాసు పొయ్యి వస్తున్న వేళ, పక్కన పాలరాయి మెరుస్తుంటే, ఇటు ఇదేమిటని నాకే నచ్చలేదు. మంగ్లా రోడ్డులో ఒక రాజస్థానీ వ్యాపారి రాళ్లు అమ్మేవాడు. అప్పటికి మంగ్లా ఇంకా ఊరే, దుకాణం వెనక పొలాలుండేవి. సింహాచలాన్నీ, ఘోష్ అనే చక్రధర్‌పూర్ గార్డునీ వెంటబెట్టుకుని వెళ్లాను. వాడేవాళ్ల మాట తీసుకుంటే రేపు తిట్లు పంచుకోవచ్చని నా ఆలోచన.

వ్యాపారి ఎర్రదీ, బూడిదరంగుదీ చూపించి, చివరికి లోపల నుంచి ఒక నల్ల గ్రానైట్ ముక్క తెప్పించాడు. నున్నటి నలుపులో సన్నని బంగారు, వెండి చుక్కలు. నీళ్లు చల్లి తుడిస్తే చుక్కలన్నీ తళుక్కుమన్నాయి. "ఆప్ హీ కే ఆంధ్రా కా మాల్ హై, ఒంగోల్ కా" అన్నాడు, మీ ఆంధ్రా సరుకే, ఒంగోలుది అని.

ఆ మాటతో నేనూ సింహాచలమూ పడిపోయాం. ఒంగోలు ఎక్కడ, టెక్కలి ఎక్కడ? మా ఇద్దరిలో ఎవరూ ఒంగోలు మొహం చూడలేదు. అయినా బిలాస్‌పూర్‌లో నిలబడి మన రాయి అంటే మన రాయే. సింహాచలం దాన్ని అరచేత్తో రాస్తూ, "మనూరి బండే బాబూ, సూడు ఎలగ మెరుస్తందో" అని, ఘోష్ వైపు గర్వంగా చూశాడు. ఘోష్‌కూ నచ్చింది. ఏదో ఇంటి నుంచి తిరిగొచ్చిన ముక్క కావడంతో వ్యాపారి తగ్గించి ఇచ్చాడు. మరక పడినా కనపడదు సాబ్ అని కూడా చెప్పాడు. మేము దాన్ని మెచ్చుకోలుగానే విన్నాం.

గట్లు కట్టాం. తొట్టి, కుళాయి ఉన్న గోడ వైపు నల్లది. చేప కడగడానికి నీళ్లు దగ్గరుండాలి కదా. కిటికీ వైపు తెల్లది. ఏఈఎన్ వచ్చి చూసి, చాలా బాగుందన్నారు. నా ఉద్యోగంలో ఆ మాట అరుదుగా విన్నాను, అందుకని గుర్తుంది.

కొద్ది రోజులకే తెల్లరాయి రంగు మారడం మొదలైంది. పాలరాయి సున్నపు జాతి రాయి. నిమ్మకాయ కోసిన చోట మెరుగు పోతుంది, పసుపు పడి కాస్సేపు ఉంటే లోపలికి పీల్చుకుంటుంది. సింహాచలం ఎంత తోమినా మచ్చ మచ్చే. శుభ్రంగా ఉన్న గట్టు మురికిగా కనపడుతోంది. నల్ల గట్టు మాత్రం ఎప్పుడు చూసినా అప్పుడే తుడిచినట్టు తళతళలాడుతోంది. శాకాహారులు తెల్లదాన్ని అనుమానంగా చూడసాగారు. ఈ పసుపు మాదేనా, చేపల కూరదా అని.

అలాంటి సమయంలో దూబే కంచం అడుగున చేప పొలుసు అంటుకుని ఉంది. రొట్టెలు పెట్టించుకుందామని కంచం ఎత్తిపట్టాడు, వేలికి తగిలింది. ఆయన కేకలు వేయలేదు. కంచం అక్కడ పెట్టేసి, రెండు అరటిపళ్లు తిని బండెక్కాడు. అదే అందరినీ ఎక్కువ కుదిపింది. రన్నింగ్ రూమ్ ఇన్‌ఛార్జి తివారీ కోపిష్ఠి. రెండు గట్లు కట్టించినా సింహాచలం కలిపేస్తున్నాడని తేల్చేశాడు. నెలాఖరు నుంచి వంట మాన్పించి దుప్పట్లు, దిండ్ల పనికి వేస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే సింహాచలం మా క్వార్టరుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నానేటి సేసినాను బాబూ, సెప్పు. ఆ గట్టు మీద సేప, ఈ గట్టు మీద కూర. కత్తిపీట సుద్దా ఏరే ఎట్టినాను. దుప్పట్లు మడతెట్టడం తప్పుపనేటి కాదు. కానీ ఈడి సేతి కూడు తినకూడదని తోసేసినారంటే, రేపు ఏ మొకం ఎట్టుకుని ఆ గుమ్మంలో నిలబడను?"

"నిజంగా కలపలేదు కదా మావా?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆయన గుమ్మం దిగి వెళ్లిపోయాడు. నాకు చాలా బాధ కలిగింది. తివారీ మీద కోపం కూడా వచ్చింది గానీ, పొలుసు మాత్రం నిజం. అది నడిచి రాలేదు.

ఆ రోజు వంటింట్లోనే ఒక మూల నిలబడ్డాను. బిల్హా చెరువు చేపలు లోకల్ బండిలో వచ్చాయి. ఘోష్ కూడా ఆ రోజు రన్నింగ్ రూములోనే ఉన్నాడు, ఆ చేపలు కొన్నది ఆయనే. సింహాచలం నల్ల గట్టు మీద పొలుసు గీకాడు, కోశాడు, కడిగాడు. నీళ్లు పోసి గట్టును రెండుసార్లు తుడిచాడు. కత్తిపీట కడిగి పక్కన పెట్టాడు. ఆ మనిషి పనిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గట్టు అద్దంలా ఉంది. తర్వాత తొట్టిలో కంచాలు కడిగి, నీళ్లు కారడానికి ఆ గట్టు చివరనే వరసగా పెట్టాడు. తొట్టి పక్కన ఉన్న గట్టు అదే, పైగా అదే శుభ్రంగా కనపడుతోంది.

నాకు ఎందుకో అనుమానం వచ్చి గట్టు మీద అరచెయ్యి ఆనించి నొక్కాను. చెయ్యి తిప్పి చూస్తే మూడు నాలుగు పొలుసులు అంటుకుని ఉన్నాయి. మళ్లీ గట్టు వైపు చూశాను. ఏది రాతిలోని చుక్కో, ఏది పొలుసో కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసినా చెప్పలేకపోయాను. మేము ముచ్చటపడి తెచ్చుకున్న ఆ తళుకులే పొలుసుల్ని కడుపులో పెట్టుకుని కాపాడుతున్నాయి. తడి కంచం పెడితే అడుగున అంటుకోక ఏం చేస్తుంది?

దూబే మళ్లీ బండి తెచ్చే రోజు కనుక్కుని తివారీని కూడా రమ్మన్నాను. చేప కోయించి, గట్టు తుడిపించి, శుభ్రంగా ఉందో లేదో చూసి చెప్పమన్నాను. తివారీ ఒకసారి, దూబే వంగి రెండుసార్లు చూసి, శుభ్రంగానే ఉందన్నారు. అప్పుడు ఒక తడి కంచం గట్టు మీద పెట్టి ఎత్తి, పొలుసులంటుకున్న అడుగు భాగం ఇద్దరికీ చూపించాను. తివారీ దుప్పట్ల సంగతి ఎత్తకుండా, బండ మార్చడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు.

మార్పు కాగితం మీద సులువే. చేపల వైపు సాదా నల్ల కడప బండ వేయాలి. దాని మీద పొలుసు పడితే తెల్ల చుక్కలా మొహాన కొట్టినట్టు కనపడుతుంది. గ్రానైట్‌ను పసుపూ నిమ్మరసమూ ఏమీ చేయలేవు, శాకాహారుల వైపు పొలుసు బెడదా లేదు, కాబట్టి దాన్ని జాగ్రత్తగా పీకి అటు వేయాలి. కంచాలకు గోడకు ఇనప చట్రం బిగించాలి. తెల్లరాయి స్నానాల గది మెట్టుకు పోతుంది. కానీ చేపలు కోసిన రాయిని తీసుకెళ్లి శాకాహారుల పొయ్యి కింద వేస్తానంటే ఒప్పుకునేదెవరు? ఇంకో రాయి కొనడానికి మంజూరు లేదు. నేను నీళ్లు నములుతూ ఈ మాట దూబే ముందు పెట్టాను.

ఆయన ఆ నల్ల రాతిని వేలితో తట్టాడు. "పత్థర్ నే కౌన్-సీ మఛ్లీ ఖాయీ హై?" అన్నాడు. రాయేమన్నా చేప తిన్నదా అని. మా మేస్త్రీ అది విని నవ్వాపుకోలేకపోయాడు.

కొత్త గట్లు ఎండిన రోజు అనుకోకుండా దూబే బండే ముందు వచ్చింది. ఆయన మరచెంబుతో నీళ్లు తెచ్చి, ఏవో రెండు మాటలు గొణిగి మెరుపుల బండ మీద తానే పోశాడు. మిగతా శాకాహారులు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. తర్వాత భుజాన ఉన్న సంచి తీసి సింహాచలం చేతికిచ్చి, "సింహా, పహలే మేరీ దాల్ చఢా" అని, ముందు తన పప్పే పొయ్యెక్కించమని చెప్పి, పడుకోవడానికి వెళ్లిపోయాడు. సింహాచలం సంచి విప్పి పప్పు కడిగాడు. అగ్గిపుల్ల గీసి ఆ గట్టు మీది పొయ్యి వెలిగించాడు. ఆయన రిటైరయ్యే దాకా అదే వంటింట్లో పనిచేశాడు.

ఆ తర్వాత నేను ఏ వంటింటికి రాయి ఎంచినా, ముక్కను దుకాణం వెలుగులో చూసి ఊరుకోలేదు. స్టోరుకు తెచ్చి, దాని మీద ఆ ఇంట్లో ఏం పడుతుందో అదే పోసి, ఒక పూట వదిలేసి చూసేవాణ్ణి. రంగు కంటికి ఎలా ఉందన్నది రెండో మాట. మురికి పడితే ఆ రంగు చెబుతుందా, దాస్తుందా అన్నది మొదటి మాట. కడిగితే పోని మచ్చ మంచి పనివాడికి చెడ్డపేరు తెస్తుంది. కంటికి కనపడని మురికి అంతకంటే పెద్ద చెడ్డపేరు తెస్తుంది.

మంగ్లా ఇప్పుడు పట్నంలో కలిసిపోయింది. ఆ రోడ్డులోనే ఈమధ్య మా ఇంటి వంటగట్టుకు క్వార్ట్జ్ రాయి చూడ్డానికి మా ఆవిడతో వెళ్లాను. అద్దాల దుకాణం, ఏసీ, చేతికి కాఫీ. అమ్మే అమ్మాయి ఎన్నో రంగులు పరిచి, చివరికి చుక్కలూ చారలూ నిండిన పలక ఒకటి ముందుకు తోసింది. అంకుల్, దీని మీద ఏం పడినా కనపడదు అని హిందీలో గొప్పగా చెప్పింది.

"కనపడేది చూపించమ్మా" అన్నాను.