కిటికీకి అవతల నాన్న

రుషికొండలో నాతోపాటు పనిచేసేవాళ్ళతో కలిసి ఎప్పుడైనా మద్దిలపాలెం హోటల్లో భోంచేస్తే, గల్లాపెట్టె పక్కన గిన్నెలో పెట్టిన సోంపు అందరూ చేతిలో పోసుకుని నములుతూ కబుర్లు చెప్పుకుంటారు, నేను మాత్రం ఆ వాసన ముక్కుకి తగలగానే గబగబా మెట్లు దిగిపోతాను. సోంపు పడదా అని అడుగుతారు. పడదనే చెబుతాను. అదేం పెద్ద అబద్ధం కాదు. దానికన్నా పెద్దది పదిహేనేళ్ళ వయసులో ఆడాను, అదీ మా నాన్నతో.

మాది ఉద్దానం వైపు ఊరు. నీళ్ళ దోషమో నేల దోషమో గాని, అక్కడ ఇంటికొకరన్నట్టు కిడ్నీలు పాడవుతుంటాయి. నాన్న ఊరొదిలి విశాఖ వచ్చి పోర్టులో క్రేను పనికి కుదిరినా ఆ జబ్బు వెంటే వచ్చింది. నేను మూడో తరగతిలో ఉండగా నానమ్మ తన కిడ్నీ ఒకటిచ్చి కొడుకుని బతికించుకుంది. ఆ తర్వాత నాన్నని క్రేను దింపి ఆఫీసులో కాగితాల పనికి వేశారు.

ఆ తర్వాతి ఐదారేళ్ళే నాకు గుర్తున్న బాల్యం. గాలి పోర్టు వైపు నుంచి వీస్తే కిటికీ గట్ల మీద పేరుకునే నల్లటి బొగ్గుపొడిని అమ్మ తిట్టుకుంటూ తుడుస్తుంటే, నాన్న లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చుని నా చేత తెల్లవెంట్రుకలు పీకించుకునేవాడు. ఆదివారం బీచికి తీసుకెళ్ళి, డాక్టరు వద్దన్న మురీ మిక్చరు, అదే మరమరాల పొట్లం, ఒకటి కొని, అమ్మకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుని, నిమ్మ పులుపుకి కళ్ళు చిట్లిస్తూ సగం సగం తిందామనేవాడు. నాగులచవితికి పుట్టలో పాలుపోసి వచ్చాక చిమ్మిలుండ కొరికి మిగతా ముక్క నా నోట్లో పెట్టేవాడు. కవళ్ళ చేపల పులుసు వండిన రోజున ఒక్కొక్క ముల్లూ ఏరి, అన్నంలో కలిపి, ముద్దలు చేసి పెట్టేవాడు.

"ఎదిగిన గుంటకి ఇంకా ముద్దలేటి?" అని అమ్మ దెప్పేది.

"నీకు పెట్టలేదనా?" అని రెండో ముద్ద అమ్మ వైపు చాచేవాడు నాన్న.

నా తొమ్మిదో తరగతి పరీక్షల ముందు దేశమంతా కొత్త అంటువ్యాధి వచ్చి బళ్ళు మూతపడ్డాయి. డాక్టరు ఫోనులో ఒకటే మాట చెప్పాడు. పెట్టిన కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా నాన్న వేసుకునే మాత్రలు రోగాన్ని ఎదిరించే బలాన్ని కూడా తగ్గించేస్తాయట, ఈ కొత్త జబ్బు గాని అంటుకుంటే ఆయన తట్టుకోవడం కష్టమట. ఎనిమిది నెలల పాటు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులోనే పాఠాలు వింటూ, సిగ్నల్ పోయినప్పుడల్లా గోడలు చూస్తూ కూర్చున్నాను. కార్తీకం దగ్గరపడుతుండగా, పదో తరగతికి బడి తెరుస్తున్నామనీ, తల్లిదండ్రులు సంతకం పెట్టిన కాగితం తెమ్మనీ కబురొచ్చింది.

అమ్మ ఒప్పుకోలేదు. "సదువుదేటుంది, వచ్చే యేడు సదువుకుంటాది. మనిషి పోతే మళ్ళీ వత్తాడా?" అంది.

"నా మూలాన్ని దాని సదువు ఆపీమంటావేటి?" అని నాన్నే కాగితం లాక్కుని సంతకం పెట్టాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో గీతలు గీసుకున్నాం. పెరటి వైపు గది నాన్నది, వీధి గది నాది. బడి నుంచి వస్తే పక్కసందులోంచి పెరట్లోకెళ్ళి, యూనిఫాం వేడినీళ్ళ బకెట్లో పడేసి, తలస్నానం చేసి, నాన్న కిటికీ ముందు నిలబడాలి. వాసన తెలియకపోవడం ఆ జబ్బు గుర్తుల్లో ఒకటని ఎక్కడో విన్నాడు నాన్న. నా ముక్కు పనిచేసినన్నాళ్ళే బడి అని అమ్మ దగ్గర ఒప్పందం. దాన్ని కూడా ఆట చేసేశాడు. వంటింట్లోంచి రోజుకొకటి చిన్న డబ్బాలో వేయించుకుని, కిటికీ గట్టు మీద పెట్టి, గది ఆ చివరికి వెళ్ళి నిలబడేవాడు.

"కళ్ళు మూసుకో. దొంగసూపులు సూడకు. ఇదేటో సెప్పు."

ఇంగువ, మెంతిపొడి, వాము, నల్లబడ్డ పాత చింతపండు, చవితినాటి చిమ్మిలి. ఎండునెత్తళ్ళు పెట్టిన రోజున డబ్బా దగ్గరికి వెళ్ళకముందే చెప్పేశాను. విశాఖలో పుట్టిన ముక్కు మరి అని నాన్న గదిలోంచే అమ్మకి గొప్పలు చెప్పుకున్నాడు. ఆ నెలన్నరలో రోజు మొత్తం మీద నేను నాన్నతో కలిసి నవ్విన సమయం అదొక్కటే.

డిసెంబరు చలిలో ఒక సాయంత్రం స్నానం చేస్తుంటే సబ్బు వాసన తెలియలేదు. పొద్దుటి నుంచే గొంతులో గరగర ఉంది. మర్నాడు స్లిప్ టెస్టు. ఈ సంగతి చెబితే బడి అయిపోయినట్టే, మళ్ళీ ఆ నాలుగు గోడలే. అబద్ధమాడితే ఏమవుతుందో తెలియని వయసు కాదు నాది. తెలుసు. తెలిసే కిటికీ ముందు నిలబడి, రెప్పల సందులోంచి డబ్బాలోకి చూశాను. సన్నటి గింజలు కనిపించాయి.

"జీలకర్ర" అన్నాను.

గది ఆ చివరి నుంచి నాన్న ఒక్కడుగు ముందుకేసి ఆగాడు.

"అది సోంపమ్మా" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

పొద్దుటి నుంచి అన్నాను. నాన్న తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి కిటికీ తలుపులు మూశాడు. ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అమ్మ నాతో వీధి గదిలో ఉండిపోయింది. పక్షం రోజులు నాన్న ఒక్కడే గంజి కాచుకుని తాగాడు. మాకు జ్వరాలు వచ్చి తగ్గాయి. నాన్నకి రాలేదు, ఏ దేవుడు కాచాడో. ఆ యేడు పదో తరగతికి పరీక్షలే జరగలేదు, అందర్నీ పాస్ చేసేశారు. అబద్ధమాడి మరీ నేను కాపాడుకోబోయిన చదువు అలా అయింది.

టీకాలు వచ్చాయి, జనం మాస్కులు తీసేశారు, నేను ఇంటర్లో చేరాను. నాన్న కిటికీ తెరిచాడు, గది తలుపూ తెరిచాడు. తెరవనిది నేనే. "రా, ముద్ద పెడతాను" అని పిలిస్తే, కాలేజీ నుంచి వచ్చాను, వద్దు నాన్నా అనేదాన్ని. నా కంచం వేరుగా పెట్టుకునేదాన్ని. బీచికి పోదామంటే జనముంటారనేదాన్ని. నా వల్ల నాన్నకి ఏమీ కాకూడదన్న భయం ఒకటి లోపల కూర్చుని లేవలేదు. మూడోసారో నాలుగోసారో వద్దన్నాక నాన్న పిలవడం మానేశాడు.

నానమ్మ ఇచ్చిన కిడ్నీ నా ఇంటర్ రెండో యేట అలసిపోయింది. అంటువ్యాధీ కాదు, ఎవరి తప్పూ కాదు, ఇన్నేళ్ళు పనిచేయడమే గొప్పన్నారు డాక్టర్లు. ఆసుపత్రిలో చివరి వారం నేను అలవాటుగా మంచానికి ఆమడ దూరాన, గోడకానుకుని నిలబడ్డాను.

"ఇంకా అక్కడేటమ్మా?" అన్నాడు నాన్న. "ఇప్పుడింకేటవుద్ది నాకు? దగ్గరికి రా."

వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు సన్నబడి, చర్మం కాగితంలా అయిపోయి, ముళ్ళు ఏరి ముద్దలు పెట్టిన చెయ్యి అదేనని గుర్తుపట్టలేకపోయాను. నాన్నకి ఒంట్లో బాగున్న రెండేళ్ళు, నాన్నని నా నుంచే కాపాడుతూ గడిపేశాను.

ఇప్పుడు మా ఇంట్లోకి ఎవరైనా నేరుగా వచ్చేయొచ్చు. కాళ్ళు కడుక్కోమని అమ్మ ఎవర్నీ అడగదు, దగ్గినవాళ్ళని కూడా కూర్చోబెట్టి టీ ఇస్తుంది. నేను రెండు బస్సులు మారి, ఊరి దుమ్మంతా ఒంటి మీద మోసుకొచ్చి, అవే బట్టలతో నాన్న మంచం మీద పడుకుంటాను. లెమ్మనేవాళ్ళు లేరు.