స్విచ్ ముట్టుకోవద్దు, మనిషి పనిలో ఉన్నాడు

పొద్దున ఆమె వచ్చి కుర్చీలో కూర్చునేసరికి, రాత్రి రావలసిన మెసేజీలన్నీ ఒక్కపెట్టున తెర మీద వాలి ఉన్నాయి. వరుసగా నాలుగో రోజు. అన్నిటికంటే కింద మరిది, అంటే చెల్లెలి మొగుడు, పంపింది ఉంది: "వదినా, మీ ఇంట్లో చీకటి పడగానే తలుపులేసుకుంటారా? మా వైపు దీపం వెలుగుతూనే ఉంది."

ఆమె లిఫ్టులు బాగుచేసే షాపులో ఫోన్లెత్తుతుంది. ఏ లిఫ్టు ఎక్కడ ఆగింది, దానికి ఎవరిని పంపాలి, అంతా ఆమె నోటి మీదే నడుస్తుంది. మెకానిక్‌లు ఆమెకు పెట్టిన పేరు కంట్రోల్ రూమ్. షాపు భర్తది. ఎనిమిది నెలల కిందటి దాకా భర్తదీ, చెల్లెలి భర్తదీ కూడా. తోడల్లుళ్ళిద్దరూ ఒక మోటారు దగ్గర మాటా మాటా అనుకుని విడిపోయారు. మెకానిక్‌ల చాట్ గ్రూపుకు అడ్మిన్ తానే కాబట్టి, కంట్రోల్ రూమ్ భర్త ఆ సాయంత్రమే అవతలి వాళ్ళందరినీ ఒక్కొక్కరినే వేలితో నొక్కి బయటికి పంపాడు. అవతలాయన వేరే గ్రూపు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒకతను ఐస్‌క్రీం డబ్బాతో లిఫ్టులో మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఇరుక్కున్నాడు. పక్క వీధిలోనే చెల్లెలి వాళ్ళ మెకానిక్ టీ తాగుతున్నాడు. ఆ సంగతి ఈ గ్రూపుకు తెలియదు. ఊరి ఆ చివర నుంచి మనిషి వచ్చి తలుపు తీసేసరికి లోపలతను కులాసాగానే ఉన్నాడు గానీ, ఐస్‌క్రీం మాత్రం గ్లాసులో పోసుకోవలసి వచ్చింది.

"మళ్ళీ అందరినీ ఒక్క చోట చేర్చండి" అని ఆమె భర్తను అడిగింది.

"వాడి గ్రూపులోకి నేను పోను. కావాలంటే వాణ్ణే రమ్మను."

చెల్లెలి ఇంట్లోనూ ఇదే జవాబు, గొంతు ఒక్కటే తేడా.

ఉపాయం చెల్లెలు తెచ్చింది. "ఎవరి సర్వర్ వాళ్ళు పెట్టుకునే చాట్ ఒకటుందక్కా. ఈమెయిల్ లాగే. ఎవరింట్లో వాళ్ళే ఉంటారు, మాటలు మాత్రం అటూ ఇటూ పోతాయి."

"అంటే ఎవరి గడపా ఎవరూ తొక్కక్కర్లేదన్నమాట."

"అదే మరి. మన మొగుళ్ళ కోసమే కనిపెట్టినట్టున్నారు."

ఆమె షాపు మూలన పడి ఉన్న పాత కంప్యూటరు దుమ్ము దులిపి లినక్స్ ఎక్కించింది. ఒకసారి పెట్టాక సర్వర్ పేరు మార్చడం కుదరదని చెల్లెలు హెచ్చరిస్తే, పిల్లకు పేరు పెట్టినంత ఆలోచించి, చివరికి షాపు పేరే పెట్టింది. అవతలి సర్వర్ వచ్చి తలుపు తట్టాలంటే రౌటర్‌లో ఒక పోర్టు, అంటే నంబరున్న తలుపు, తెరవాలి. ఆమె దాని పక్కది తెరిచి, ఎవరూ రావడం లేదేమిటని ఒక పూటంతా చూసింది. కరెంటు పోయి వస్తే కంప్యూటరు దానంతటదే లేచేలా కూడా అమర్చింది. చివరకు ఒక మధ్యాహ్నం తెర మీద అక్షరాలు పడ్డాయి.

"అక్కా, వచ్చిందా?"

"వచ్చింది. పాలు పొంగుతున్నాయి, మళ్ళీ మాట్లాడతా."

రెండు షాపుల మెకానిక్‌లూ, ఇద్దరు మొగుళ్ళూ ఆ చాట్ గదిలో చేరారు. పగలంతా భేషుగ్గా నడిచేది. ఆమె సాయంత్రం ఇంటికి వెళ్ళాక, భర్త షాపు మూసే వేళకు మూగబోయేది. జనం ఇళ్ళకు చేరి లిఫ్టులెక్కేదీ, అవి మొరాయించేదీ సరిగ్గా అప్పుడే.

"నీ సర్వర్‌కు రాత్రయితే నిద్రొస్తోంది" అన్నాడు భర్త. "శనివారం దాకా చూస్తాను. తర్వాత పాత గ్రూపే."

ఇవాళ శుక్రవారం. ఆమె అప్పటికే రెండుసార్లు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించింది. చెల్లెలికి ఫోన్ చేసి నాలుగు తిట్లు తిట్టింది.

"నన్నంటావేం? కంప్యూటరు ఎంతసేపటి నుంచి నడుస్తోందో దాన్నే అడుగు" అని చెల్లెలు ఒక చిన్న ఆదేశం చెప్పింది.

ఆమె టైప్ చేసింది. గంట నుంచి, అంది కంప్యూటరు. గంట కిందటే భర్త షట్టరెత్తాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉంది. భర్త పానాలు సర్దాడు, చేతులు తుడుచుకున్నాడు, ఫోన్‌లో ఎవరికో రోప్ కొలతలు చెబుతూ గుమ్మం దాకా నడిచాడు. తల తిప్పకుండానే చెయ్యి గోడ మీదికి పోయింది. టక్కున మెయిన్ ఆగింది. కంప్యూటరు ఒక్క నిట్టూర్పు విడిచింది.

"ఆపింది మీరా!"

"ఏం ఆపాను?" అన్నాడాయన. చెయ్యింకా స్విచ్ మీదే ఉంది.

"పాతికేళ్ళుగా మెయిన్ ఆపకుండా ఎక్కడి నుంచీ కదల్లేదే నేను" అన్నాడు మళ్ళీ ఆయనే. "అలా వదిలేసి పోతే నాకు నిద్ర పడుతుందా?"

లిఫ్టు గుంతలో మనిషి దిగినప్పుడు పైన మెయిన్‌కు తగిలించే ఎర్ర అట్ట ఒకటి ప్రతి మెకానిక్ సంచిలోనూ ఉంటుంది. దాని మీద రాసి ఉండేది ఇంతే: స్విచ్ ముట్టుకోవద్దు, మనిషి పనిలో ఉన్నాడు. తగిలించినవాడు తప్ప ఇంకెవరూ దాన్ని తీయకూడదు. భర్త సంచిలోంచి ఆమె ఆ అట్ట తీసింది. మెయిన్ మళ్ళీ వేసి, దాని మీద తగిలించింది.

శనివారం సాయంత్రం ఆయన చెయ్యి మామూలుగానే గోడ మీదికి పోయింది. వేళ్ళకు అట్ట తగిలింది. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఒక్క క్షణం చూసి, లైట్లు మాత్రం ఆపి షట్టరు దించాడు.

ఆయన ఇల్లు చేరకముందే ఒక అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగింది. ఫోన్ తీసి చూశాడు. గది మెలకువగానే ఉంది. దగ్గరున్నది తోడల్లుడి మనిషి. రోడ్డు పక్కన బండి ఆపి, రెండుసార్లు చెరిపి, మూడోసారి టైప్ చేశాడు: "మీ వాడు దగ్గర్లో ఉన్నాడు. పంపు."

"పంపాను అన్నయ్యా" అని వచ్చింది.

ఇప్పుడు ఆ గదిలో పదమూడు మంది ఉన్నారు. అడ్మిన్లు ఇద్దరు: అక్కా, చెల్లెలూ.