బ్రౌన్ ఏల్ బకెట్‌లో పెట్టిన గరిటె

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికి రాదు. నాకు చదువు పెద్దగా లేదు, అక్షరాలు కూడబలుక్కుంటూ రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో మా అమ్మాయి దగ్గర ఉంటాను. మా అల్లుడు మురళి, అతని స్నేహితుడు కిరణ్ కలిసి గరాజ్‌లో బీరు కాచేవారు. డబ్బాల్లో దొరికే పాకంతో కాదు, గింజ నుంచే. అప్పుడే కిరణ్‌కి పెళ్లి కుదిరింది. పిల్ల తండ్రి ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి. ఆయన ఊళ్లో తాగే బ్రౌన్ ఏల్ అనే ముదురు రంగు బీరుని తన చేత్తో కాచి, పెళ్లి విందులో ఆయన ముందు పెట్టాలని కిరణ్ పంతం.

మందంటే మండిపడే మనిషిని నేను. కానీ ఆ గింజలు చూస్తే... మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించిన బార్లీ. రాగిమాల్ట్‌కి నేను చేసేదీ అదే కదా? బరకగా మరాడించి వేడినీళ్లలో నానబెడితే గరాజ్ అంతా తియ్యటి వాసన. వడకట్టిన పిప్పిని పారబోయబోతే ఆపి, ఎండబెట్టి రొట్టెల్లో కలిపాను. ఆ తియ్యటి నీళ్లు కూడా ఒక గ్లాసు తాగాను, ఎవరూ చూడకుండా. మిగతాది చేదు పువ్వులేవో వేసి కాచి, చల్లార్చి, ఈస్ట్ కలిపి, తెల్లటి బకెట్‌లో పోసి మూత బిగించారు. బకెట్ కడిగింది కిరణ్.

మర్నాడు అందరూ ఆఫీసులకు వెళ్లాక చూద్దును కదా, మూత మీదికి నురగ పొంగి కారుతోంది. ఇడ్లీ పిండి పొంగితే ఏం చేస్తాం? మూత తీసి గరిటెతో కలిపి అణుస్తాం. నేనూ అదే చేశాను. చేతిలో ఉన్నది పిండి గరిటే. జాడించాను గానీ తోమలేదు. కారింది తుడిచి మూత నొక్కేశాను. వృథా కాకుండా కాపాడాననుకున్నాను.

నిజంగా అదే అనుకున్నానా? లేక చెడిపోతే పోనీ, ఈ ఇంట్లో మందు కాచడం ఆగుతుందన్న కోరిక లోపలెక్కడో ఉందా? ఎంత తవ్వుకున్నా తేలడం లేదు.

తర్వాత దాన్ని సీసాల్లో నింపారు. పెళ్లి దగ్గర పడ్డాక ఒక సీసా తీసి రుచి చూశారు. పాడైన మజ్జిగలా పులుపు.

"ఫోన్ మాట్లాడుతూ కడిగావు కదరా! శానిటైజ్ చేయమంటే నీళ్లు చల్లి వదిలేశావ్," అన్నాడు మురళి.

"నీ ముందే చేశాను కదరా!" అంటూ కిరణ్ నావైపు తిరిగాడు. "ఆంటీ, మీరు ఇంట్లోనే ఉన్నారుగా. ఎవరైనా మూత ఓపెన్ చేశారా?"

"నాకేం తెలుసు నాయనా! మీ మందు జోలికి నేనెందుకొస్తాను?"

"అత్తయ్యని అడుగుతావేంట్రా? ఆ బకెట్ వైపు చూడ్డానికే చీదరించుకుంటారు ఆవిడ. నీకు ఏ పనీ శ్రద్ధగా చేతకాదు. రేపు నీ కాపురమూ ఇంతే!"

ఆ చివరి మాట అనకూడదు. కిరణ్ కారెక్కి వెళ్లిపోయాడు. మురళి ఆ పెళ్లికి వెళ్లలేదు. గరాజ్‌లో పొయ్యి మళ్లీ వెలగలేదు. నేను కోరుకున్నది అదే కదా? మరి మురళి ఆదివారాలు ఒక్కడే టీవీ ముందు కూర్చుంటే నాకెందుకు ముద్ద దిగదు?

అసలు గరిటె వల్లే పులిసిందా? కిరణ్ నిజంగానే సరిగ్గా కడగలేదేమో? అలా అనుకుని నిద్రపోవాలని చూస్తాను. బీరు ఎందుకు పులిసిందో నాకు తెలియదు. అబద్ధం ఎవరాడారో తెలుసు. నా కటువుతనాన్ని అందరూ నమ్మారు. నేను ఆ నమ్మకం చాటున దాక్కున్నాను.

మొన్న కిరాణా కొట్లో కిరణ్ కనిపించాడు, చంకలో కూతురితో. మురళి ఎలా ఉన్నాడని అడిగాడు. బాగున్నాడన్నాను. ఇంకో మాట నోటిదాకా వచ్చింది. పప్పు ప్యాకెట్టు అటూ ఇటూ తిప్పుతూ తల దించుకున్నాను.

ఆ బకెట్‌ని మురళి పారేయబోతే, మంచి వస్తువని నేనే ఆపాను. అందులో బియ్యం పోసుకున్నాను. రోజూ మూత తీస్తున్నాను. ఇవాళ తీసినప్పుడు, ఇంట్లో ఎవరూ లేకపోయినా, ఆ మాట పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. మురళికి చెబుతానో లేదో తెలియదు. మీకైతే చెబుతున్నాను.

ఆ మూత తీసింది నేనే.