పీత బాబాయి వణికిన వారం

పదిహేనేళ్లుగా నా కుడిచేతి చూపుడువేలు నాకు బరువు. వినడానికి వెర్రిగా ఉంటుంది, తెలుసు. వేలికి ఏ జబ్బూ లేదు. అన్నం కలుపుతుంది, ముగ్గు పెడుతుంది, ఫోన్ నొక్కుతుంది. కానీ ఏది నొక్కినా లోపల ఎక్కడో చిన్నగా కలుక్కుమంటుంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిస్తే చెప్పేదాన్ని కాదేమో.

మా కొత్తపేటలో, మా చుట్టుపక్కల ఊళ్లలో అప్పట్లో పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆదివారం పొద్దున్న లోకల్ కేబుల్లో ఒక బొమ్మల కార్యక్రమం వచ్చేది. అయిదంటే అయిదే నిమిషాలు. పేరు పీత బాబాయి. మట్టితో చేసిన పీత, పక్కన మట్టి బాతు. పీత కాలవ గట్టున నడుస్తూ అందరికీ సలహాలు చెప్పేది, ఆ సలహాలన్నీ ఎదురు తిరిగేవి. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. దాన్ని తయారు చేసింది రత్నం మాస్టారు. బడిలో డ్రాయింగ్ చెప్పేవారు. అంతకుముందు ఏళ్ల తరబడి క్రిస్మస్‌కి వాళ్ల చర్చిలో పశువుల పాక, గొర్రెలు, కాపరులు, పసిబిడ్డ అన్నీ ఆయనే మట్టితో చేసేవారు. అక్కణ్నుంచి ఈ పీత పుట్టింది.

నేను డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉంటే మాస్టారు భార్య, టీచరమ్మ గారు, నన్ను పిలిచి సాయంగా పెట్టుకున్నారు. కాలవ మట్టిని ఎండబెట్టి, జల్లించి, మైనం, కొబ్బరినూనె వేసి పిసికేదాన్ని. అలా చేస్తే మట్టి ఆరిపోదు, ఎన్నిసార్లు వంచినా వంగుతుంది. రెండో పని, కెమెరా నొక్కడం. ఈ పని చూడని వాళ్లకి చెప్పాలి కదా. మాస్టారు పీత కాలు వెంట్రుకవాసి జరుపుతారు. చెయ్యి తీస్తారు. నేను ఒక ఫొటో నొక్కుతాను. మళ్లీ జరుపుతారు, మళ్లీ నొక్కుతాను. ఒక్క సెకను కథకి పన్నెండు ఫొటోలు. పీతకేమో ఎనిమిది కాళ్లు, రెండు డెక్కలు. ఏ బుద్ధిమంతుడైనా పామును ఎంచుకుంటాడు గానీ పీతను ఎంచుకుంటాడా? ఆ మాటంటే మాస్టారు నవ్వేవారు.

మొదటి వారమే ఆయన నాకు ఒక సంగతి నేర్పారు. బొమ్మ అదురుతున్నట్టు కనిపిస్తే ముందు బొమ్మను చూడకూడదు, వెనకున్న గోడను చూడాలి. అట్టమీద రంగులేసిన గోడ, దానికో నీలం తలుపు. గోడ కూడా అదిరితే కెమెరా కదిలినట్టు. గోడ నిలబడి బొమ్మొక్కటే అదిరితే చెయ్యి తప్పినట్టు. ఇది గుర్తుపెట్టుకోండి, నా పాపమంతా ఇందులోనే ఉంది.

కెమెరాను స్టాండు మీంచి తియ్యకూడదు. అది చట్టం. స్టాండు కాళ్ల చుట్టూ నేలమీద సుద్దతో గీతలు కూడా గీశారు. నేను తీశాను. ఎండాకాలం మధ్యాహ్నం మట్టి మెత్తబడి పీత కాళ్లు వాలిపోతాయని పని ఆపేవాళ్లం. మాస్టారు భోంచేసి నడుం వాల్చేవారు. ఆ గంటలో నేను సొంతంగా ఒక నత్తను చేసుకున్నాను. కాళ్లుండవు కదా, తేలిక. కిటికీ గట్టుమీద నడిపిద్దామని కెమెరా ఊడదీశాను. తప్పని తెలుసు. కానీ నాదంటూ ఒకటి కదిలితే చూడాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఇరవై ఫొటోలు తీసి, ఆయన లేచే అలికిడి అయితే గబగబా కెమెరాను మళ్లీ బిగించాను. బిగించాననుకున్నాను. అడుగున మర పూర్తిగా తిరగలేదు. వారమంతా నేను నొక్కిన ప్రతి నొక్కుకీ కెమెరా రవ్వంత కదిలింది.

ఫొటోలన్నీ వారానికోసారి, శనివారం సాయంత్రం కేబుల్ ఆఫీసు కంప్యూటర్లో కలిపి చూసేవాళ్లం. ఆ శనివారం పీత బాబాయి తెరమీదికి వచ్చి నిలబడ్డాడు. నిలబడి వణికాడు. జ్వరం వచ్చిన మనిషిలా నిలువెల్లా వణికాడు. నా చూపు వెంటనే గోడ మీదికి పోయింది. నీలం తలుపు కూడా వణుకుతోంది. మాస్టారు మాత్రం పీతనే చూస్తున్నారు.

"ఏమ్మా, నీవి కుర్ర కళ్లు కదా. పీత అదురుతోంది, చూసేవా?" అన్నారు.

"ఆయ్, చూసేనండి."

"ఇది నా చెయ్యేనంటావా?"

"ఏమోనండీ."

"ఏమో అంటే కాదమ్మా. రోజూ నా పక్కనే కూచుంటావు కదా. నా చెయ్యి వణకడం ఎప్పుడన్నా చూసేవా? దాచకుండా చెప్పు."

"కొంచెం... ఈ మధ్య... చూసేనండి."

"మరి చెప్పలేదేం?"

"మీరు బాధపడతారనండి."

ఆయన తన చేతులకేసి చూసుకున్నారు. "మా నాన్నగారిక్కూడా ఇలాగే మొదలయ్యిందమ్మా. ఆఖర్లో టీ గ్లాసు పట్టుకోలేకపోయేరు" అని మెల్లగా చెప్పి, చేతులు రెండూ ఒళ్లో పెట్టేసుకున్నారు.

ఎందుకన్నాను? అప్పటి నుంచీ ఇదే అడుగుతున్నాను. తిడతారని భయమా? ఆయన నన్ను ఎన్నడూ తిట్టలేదు. భయమే అనుకుందాం. మరి ఆ చివరి మాట ఎక్కణ్నుంచి వచ్చింది? "మీరు బాధపడతారనండి." అబద్ధం చెప్పడమే కాక దానికి జాలి కూడా పులిమాను. ఛ! అంత తెలివి నాకు ఆ క్షణంలో ఎలా వచ్చింది? ఒక్కోసారి అనిపిస్తుంది, ఆ నత్త కోసమే అన్నానేమో, ఆయన లేస్తే బొమ్మ కదిపే ఆ కుర్చీ నాదవుతుందని లోపలెక్కడో అనుకున్నానేమో అని. మరుక్షణమే, ఇరవై రెండేళ్ల పిల్లకి అంత కుట్ర ఎక్కడిది అనిపిస్తుంది. ఏది నిజమో నాకే తెలియదు. ప్రమాణపూర్తిగా తెలియదు.

సోమవారం వెళ్లి ముందుగా ఆ మర బిగించాను. మాస్టారు పీతను నా ముందుకు జరిపి, ఇక నువ్వు కదుపు, నేను నొక్కుతాను అన్నారు. ఆ వారం బొమ్మ అదరలేదు. అదరదు కదా, మర బిగించాక! వణికింది తన చెయ్యేనని ఆయనకి అది రుజువైంది. తర్వాత వారం నుంచి నొక్కడానికీ రాలేదు.

టీచరమ్మ గారు ఆయన్ని అమలాపురం తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపించారు. వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచి, "డాక్టరు గారు ఏమీ లేదన్నారమ్మా. ఈయనేమో నమ్మట్లేదు. నీ మాటంటే గురి కదా, నువ్వన్నా చెప్పు" అని కళ్లు ఒత్తుకున్నారు. ఇంతకన్నా తేలికైన అవకాశం ఏ దొంగకైనా దొరుకుతుందా? నోరు తెరిచాను. చెప్తానండి అన్నాను. చెప్పలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చిలో పాకలో కొన్న బొమ్మలు పెట్టారు. గొర్రెలన్నీ ఒకే మొహంతో ఉన్నాయి. మాస్టారు వెనక వరసలో కూర్చున్నారు, చేతులు శాలువాలో దాచుకుని.

పీత బాబాయిని రెండేళ్లు నేనే నడిపాను. తర్వాత ఛానెల్ మూతపడింది. ఇప్పుడు వేసవి సెలవుల్లో రావులపాలెం, ఆలమూరు బడుల్లో పిల్లలకి మట్టిబొమ్మలు నేర్పుతాను. అక్కడి కుర్ర టీచర్లు "చిన్నప్పుడు మీ పీత బాబాయి అంటే మాకు పిచ్చండీ" అంటారు. నాది కాదండి, రత్నం మాస్టారిది అంటాను. అక్కడి వరకూ చెప్పే ధైర్యం ఉంది. ఆ పైన లేదు.

నిజానికి ఇన్నేళ్లూ నన్ను కాపాడింది ఒక అనుమానం. గోడ నిజంగా కదిలిందా, నేనే కల్పించుకున్నానా? ఆయన చెయ్యి నిజంగానే కాస్త వణికిందేమో, నా అబద్ధం పొరపాటున నిజమేనేమో. ఎంత హాయిగా ఉండేదో ఆ అనుమానం! పోయిన నెల కేబుల్ ఆఫీసులో పనిచేసినాయన పాత సామాన్లలో దొరికిందని ఒక డిస్కు తెచ్చిచ్చారు. ఆ వారం ఫొటోలు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటే చూశాను. నీలం తలుపు కదిలింది. అన్నింటిలోనూ కదిలింది.

అయితే ఇప్పుడు ఇంకో ముడి పడింది. గోడ చూడమని నాకు నేర్పిన మనిషి ఆ రోజు గోడ ఎందుకు చూడలేదు? వాళ్ల నాన్నగారి భయం కళ్లకి అడ్డం పడిందా? లేక చూశారా? చూసి, అంతా తెలిసే, నేనేం చెప్తానో విందామని అడిగారా? అలాగైతే ఆయన నాకిచ్చింది కుర్చీయా, శిక్షా?

డిస్కు చూసిన మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. టీచరమ్మ గారు టీ ఇచ్చారు. మాస్టారు గ్లాసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని తాగారు. ఇప్పుడే కాదు, ఆ శనివారం నుంచీ ఆయన గ్లాసు అలాగే పట్టుకుంటారట. అలా పట్టుకునే మనిషికి వణుకు ఉందో లేదో ఎవరికి తెలుస్తుంది? ఆయనకైనా తెలుసా? నేను పిల్లల సంగతులేవో మాట్లాడి వచ్చేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. క్షమించమని అడగడానికి మీరు మాస్టారు కారు. ఆయన్ని అడిగే రోజు వస్తుందో రాదో చెప్పలేను. కానీ ఒక్క మాట పదిహేనేళ్లుగా ఈ వేలి చివర ఆగిపోయి ఉంది. దాన్ని ఒక్కసారి ఎక్కడో ఒక చోట పెట్టాలి.

మాస్టారండీ, ఆ వారం మీ చెయ్యి వణకలేదండి. నా వేలు కెమెరాను కదిపిందండి.

రాసేశాను. ఇప్పుడు ఈ వేలు వణుకుతోంది.