పాఠంలో లేని వాక్యాలు

ఢిల్లీ ద్వారకలో మా అపార్టుమెంట్ల సొసైటీ వాట్సాప్ గ్రూపులో, నీళ్ల ట్యాంకు శుభ్రం చేస్తారన్న నోటీసుకీ, ఎవరిదో కారు గేటుకి అడ్డంగా ఉందన్న ఫిర్యాదుకీ మధ్య ఒక లైను వచ్చింది. బి బ్లాకు గ్రౌండ్ ఫ్లోర్ ఆంటీ ఇక లేరు అని. కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడుతున్నాయి. నేను జోడించలేదు. గ్రూపులో వచ్చిన మాట నమ్మేముందు ఎవరు చెప్పారో, వాళ్లకెవరు చెప్పారో కనుక్కోవాలని నాకు నేర్పింది ఆ ఆంటీయే. ఘాజియాబాద్‌లో ఉండే వాళ్లమ్మాయికి ఫోన్ చేశాను.

"నిజమే," అందావిడ. "పొద్దున్నే కాఫీ కలుపుకుని కుర్చీలో కూర్చుందిట. పనిమనిషి వచ్చేసరికి అయిపోయింది."

సొసైటీకి ఆమె ఆంటీ. నాకు టీచరుగారు. అలాగని నాకు బడిలో చదువు చెప్పలేదు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే భర్తతో కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడి ఒక తెలుగు బడిలో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఒక్కరే ఉండేవారు. నేను గుంటూరు నుంచి ఉద్యోగానికొచ్చి ఆమె పై ఫ్లాటులో అద్దెకు దిగాను.

మొదటిరోజే ఏం చేస్తావని అడిగారు. గుర్‌గావ్‌లో ఒక యాడ్ ఏజెన్సీలో ప్రకటనలు రాస్తానని చెప్పాను.

"అంటే అబద్ధాలు రాస్తావన్నమాట."

"అబద్ధాలు కాదండీ. నిజాన్నే కాస్త అందంగా చెప్తాం."

"నిజానికి నగలెందుకమ్మాయ్?" అన్నారు, నవ్వకుండా.

అన్నిటి మీదా ఆమెకు అనుమానమే. గోధుమపిండి పొట్లం మీద 'మరింత మేలైనది' అని ఉంటే, "అయితే ఇన్నాళ్లూ మనం తిన్నదేమిటి?" అనేవారు. ఫోన్‌లో టార్చిలైటు యాప్ ఒకటి పెట్టిస్తే, అది ఫోన్ నంబర్లన్నీ చూస్తానని అడిగింది. "దీపానికి మా చుట్టాలతో ఏం పని?" అని తీయించేశారు. గుమ్మంలోకి వచ్చిన కరపత్రాలన్నీ ఎర్రసిరాతో దిద్దేవారు. తప్పులు దిద్దుతూ దిద్దుతూ ఎక్కడో ఒకచోట ఆగి, "ఇదిగో, ఇక్కడ దాస్తున్నాడు," అనేవారు. అప్పట్లో నాకదంతా ఒంటరితనం తెచ్చిన జబ్బులా కనిపించేది. పాపం అనుకునేదాన్ని కూడా.

ఆ రోజుల్లోనే మా ఏజెన్సీకి ఒక పెద్ద కంపెనీ పని దొరికింది. మాటలు విని పనులుచేసే యంత్రాలు, ఫోన్లు అమ్మే కంపెనీ. వాళ్లకోసం మేమొక ఆట తయారుచేశాం. ఫోన్‌లో ఒక వాక్యం కనిపిస్తుంది. పైకి చదివితే తెర మీద ఒక దీపం వెలుగుతుంది. వంద దీపాలు వెలిగితే, చూపులేని పిల్లలకు బడి పుస్తకంలో కొన్ని పేజీలు గొంతుతో అందినట్టు. ఎనిమిది భాషల్లో. తెలుగు భాగం నాది. మంచిపని చేసే ప్రకటనలకు మా రంగంలో విడిగా బహుమతులుంటాయి. వాటి మీదే ఆఫీసులో అందరి కన్నూ. అయినా ఒకమాట చెప్పాలి, ఆ ఆట చేస్తున్నప్పుడు నాకు నిజంగానే గర్వంగా ఉండేది. చాన్నాళ్లకు ఇంట్లో చెప్పుకోదగ్గ పని చేస్తున్నాననుకున్నాను.

టీచరుగారు ఒప్పుకుంటారనుకోలేదు. కానీ వినగానే, "చూపులేని పిల్లలకైతే చదువుతాను," అన్నారు. గోరువెచ్చని నీళ్లు తాగి, కళ్లజోడు తుడుచుకుని, ఫోన్‌ని రేడియోలా ఎదురుగా పెట్టుకుని, నిటారుగా కూర్చుని చదివారు. ఒక్క ఒత్తు జారలేదు. రోజూ ఒక గంట. వాళ్ల పాత విద్యార్థులకు కూడా చెప్పి ఆడించారు.

పది రోజుల తర్వాత నన్ను పిలిచారు. బల్ల మీద రూళ్ల నోటుపుస్తకం. చదివిన ప్రతి వాక్యం అందులో రాసిపెట్టుకున్నారు. ఎదురుగా అది ఏ తరగతిలో ఏ పాఠంలోదో. వెనక పేజీల్లో మాత్రం ఎదురుగా ఏమీ లేని వాక్యాలు.

"ఇవి ఏ పాఠంలోవో నాకు చెప్పు," అన్నారు.

వంటింట్లో లైటు ఆర్పు. రేపు పొద్దున్న ఆరింటికి లేపు. అమ్మకి ఫోన్ కలుపు. కాదు, అది కాదు, ఇంకోటి.

"ఇంకా ఉంది. ఏడు అనే అంకెని మూడుసార్లు చదివించింది. ఓసారి మామూలుగా, ఓసారి నవ్వుతూ, ఓసారి కోపంగా. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఏడుకి కోపం వచ్చిన పాఠం నాకెక్కడా తగల్లేదు."

"తెలియదండీ, కనుక్కుంటాను," అన్నాను.

"ముందు ఆ ఆట షరతులు చదివి పెట్టు. సన్నక్షరాలు నాకు కనపడవు."

ఆదివారం మధ్యాహ్నం అంతా అదే పని. నేను ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. మూడువంతులు దాటాక ఒక పేరాలో ఉంది. రికార్డు చేసిన గొంతులను కంపెనీ తన వస్తువులను మెరుగుపరుచుకోవడానికి వాడుకోవచ్చునట. ఎన్నాళ్లయినా. టీచరుగారు కోప్పడలేదు.

"యంత్రాలకు మాటలు నేర్పుకుంటున్నారన్నమాట. నేర్పుకోనీ. అదేం పాపం కాదు. కావాలంటే ఎదురుగా వచ్చి అడగమను, ఇస్తానో ఇవ్వనో నేను చెప్తాను. ఆ పిల్లల చెయ్యి చాచి అడగడమేమిటి?"

మర్నాడు ఆఫీసులో మా బాస్‌ని అడిగాను. "అరే యార్, టర్మ్స్ మే లిఖా హై న," అన్నాడు. రాసి ఉంది కదా అని. తర్వాత తనే నవ్వి, "పఢ్తా కౌన్ హై?" అన్నాడు. చదివేవాళ్లు మా కింది ఫ్లాటులో ఉన్నారని నేను చెప్పలేదు.

టీచరుగారు అక్కడితో వదల్లేదు. "ఆ పుస్తకాలు అందిన పిల్లల్ని ఒక్కరిని చూపించు," అన్నారు. అది చిన్న కోరికేననుకున్నాను. ఆఫీసులో ఎవరి దగ్గరా ఒక్క పేరు లేదు. ఆట ప్రచారానికి మేం తీసిన వీడియోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నవ్విన పాప చూపున్న మోడల్. రెండు వారాలు తిరిగి, తెలుగువాళ్ల సంఘంలో ఎవరినో పట్టుకుంటే, లక్ష్మీ నగర్‌లో పీజీ హాస్టల్లో ఉంటూ సివిల్స్‌కి చదువుతున్న నల్లగొండ అమ్మాయి నంబరు దొరికింది. పుట్టుకతో చూపు లేదు. సివిల్స్‌కి చదివేవాళ్లు మొదట బడి పుస్తకాల మీదే పడతారు కాబట్టి ఆ పుస్తకాలు వినిపించే మా యాప్ ఆమె ఫోన్‌లో ఉంది.

ఇద్దరం మెట్రోలో వెళ్లాం. కోచింగ్ బోర్డుల మధ్య సందు, మూడో అంతస్తు, రెండు మంచాల గది. ఆ అమ్మాయి టీ తెప్పించింది. పుస్తకాలు ఎలా ఉన్నాయని అడిగాను.

"మంచిగున్నయ్ మేడమ్," అంది.

టీచరుగారు కప్పు కింద పెట్టారు. "నిజంగానా? లేకపోతే ఇంత దూరం వచ్చామని అంటున్నావా?"

ఆ అమ్మాయి ఫోన్ తీసి చరిత్ర పాఠం ఒకటి పెట్టింది. మొదటి వాక్యం ఒక ముసలాయన గొంతు. రెండోది చిన్నపిల్ల. మూడోది ఎవరో పరుగెత్తుతున్నట్టు చదివారు. నాలుగోదానికి వెనక టీవీ మోగుతోంది. ఐదో వాక్యం టీచరుగారిదే. తన గొంతు వినగానే ఆమె తల వంచుకున్నారు.

"వీడియోల వింటే మంచిగుంటది మేడమ్, అందరి గొంతులు కలిసినట్టు. నేను సదువుకోవాలె గద. ప్రతి లైనుకి కొత్త మనిషి. ఎవరు మాట్లాడుతుండ్రో అర్థమయ్యేలోపు లైను పోతది. రెండు పేజీలకే తలనొస్తది."

వేల గొంతులు కలిసి ఒక పుస్తకం! మా వీడియోలో చివరి మాట అదే. రాసింది నేనే.

తిరుగు ప్రయాణం ద్వారక దాకా ఒకే రైలు. యమున దాటాక టీచరుగారు అడిగారు. "నీకు ముందే తెలుసా?"

తెలియదని మళ్లీ అనబోయి ఆగాను. వంటింట్లో లైటు ఆర్పమన్న వాక్యం, అమ్మకి ఫోన్ కలపమన్న వాక్యం, మూడు ఏడులు, అన్నీ ఒక ఇంగ్లీషు జాబితాగా నా దగ్గరికే వచ్చాయి. తెలుగులో రాసింది నేను. ఇవెందుకు అని ఒక్కక్షణం అనిపించింది. గడువు దగ్గరపడుతోందని పంపేశాను. ఆ సంగతి అంతా చెప్పాను.

ఆమె కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. స్టేషన్లు గడుస్తున్నాయి. "ఇంకెప్పుడూ తెలియదనకమ్మాయ్," అన్నారు. "అడగలేదు అను."

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే తలూపేవారు, అంతే. నన్నెవరూ అంత సరిగ్గా శిక్షించలేదు.

తర్వాతి వారం కంపెనీ వాళ్లతో మీటింగులో లేచి చెప్పాను. పాఠాల వాక్యాలు వేరు, మీ వాక్యాలు వేరు చేయండి, రెండోవాటికి విడిగా అనుమతి అడగండి, ఒక పుస్తకం ఒకే గొంతుతో చదివించండి అని. ఎవరూ గట్టిగా కాదనలేదు. మంచి సూచన అని రాసుకున్నారు. నెల తిరక్కుండా నన్ను ఆ పనిలోంచి తప్పించి సబ్బుల మీద వేశారు. కొన్నాళ్లకు ఆటలో కొత్త ప్రశ్న ఒకటి కనిపించింది: మీ గొంతును మా వస్తువుల కోసం వాడుకోవచ్చా? అవును, కాదు. ఇంకొన్నాళ్లకు ఆటే కనిపించకుండా పోయింది. దీపాలన్నీ ఎవరు ఆర్పారో ఎవరూ చెప్పలేదు. వీడియోకు మాత్రం బహుమతి వచ్చింది. నేను స్టేజీ ఎక్కలేదు. ఆ మాట టీచరుగారికి చెబితే మెచ్చుకుంటారనుకున్నాను.

"ఎక్కకపోవడం కూడా నలుగురూ చూడాలనేనా?" అన్నారు.

కొంచెం అలాంటిదే ఉంది.

తన గొంతును తీసేయమని ఆమె కంపెనీకి చేత్తో ఉత్తరం రాసి రిజిస్టరు పోస్టులో పంపారు. మీ అభ్యర్థన మాకు ముఖ్యం అని జవాబొచ్చింది. "తీసేశామని లేదు," అని ఎర్రసిరాతో గీత గీశారు. నిజంగా తీసేశారో లేదో ఈరోజుకీ నాకు తెలియదు. ఈసారి అడిగాను. చెప్పలేదు.

ఈలోగా ఆమె చేసిన పని గురించి లోకానికి తెలియదు. తెలియనివ్వలేదు. లక్ష్మీ నగర్ అమ్మాయికి కావలసిన చరిత్ర పుస్తకాలన్నీ తెప్పించుకుని, భూతద్దం పెట్టుకుని, మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా తానే చదివి రికార్డు చేశారు. బొమ్మలుంటే బొమ్మలో ఏముందో చెప్పారు. పటాలుంటే ఏ నది ఎటు పారుతుందో చెప్పారు. పొద్దున ఒక పాఠం. అప్పుడప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి ప్రశ్నలడిగేవారు, నిజంగా వింటోందో లేదో అని. ఏడు పుస్తకాలు. ఆ అమ్మాయి మొదటిసారి తప్పింది. రెండోసారి ప్రిలిమ్స్ దాటింది. ఫలితం వినగానే టీచరుగారు, "నంబరు సరిగ్గా చూశారా?" అన్నారు. ఎవరినీ నమ్మక, నా చేత మళ్లీ చూపించుకున్నారు. చూశాక కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

ఒకరోజు ఆమె చదువుతుంటే గుమ్మంలో నిలబడి ఫోన్ ఎత్తాను. భూతద్దం, వంగిన మెడ, కిటికీలోంచి ఎండ. ముప్పై సెకన్లు చాలు, లక్షలమంది చూస్తారు. నా చెయ్యి దానంతటదే లేచింది.

"కింద పెట్టు," అన్నారు, తల ఎత్తకుండా. "నలుగురూ చూస్తున్నారంటే నేను చూసేవాళ్ల కోసం చదువుతాను. వినే పిల్లకి తేడా తెలిసిపోతుంది."

ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మాటే వినిపిస్తోంది. ఆమెను తలుచుకుంటున్నానా, తలుచుకుంటున్న నన్ను చూపించుకుంటున్నానా? ఈ పేజీని ఆమె ఎర్రసిరాతో దిద్దితే ఎక్కడ ఆగేవారో నాకు తెలుసు. అక్కడ నాలుగు వాక్యాలు కొట్టేశాను. ఇంకా మిగిలి ఉండొచ్చు.

కర్మకాండ అయ్యాక లక్ష్మీ నగర్ వెళ్లాను. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది. ఆ అమ్మాయి విని ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. కాసేపటికి ఫోన్ తీసి, "అక్కా, మూడో పుస్తకంల ఒకటున్నది, ఇనుర్రి," అని ఒక పాఠం పెట్టింది.

టీచరుగారు ఏదో యుద్ధం గురించి చదువుతున్నారు. వాక్యం సగంలో ఎక్కడో తలుపు చప్పుడైంది. "ఉండమ్మా, ఎవరో వచ్చారు. చూసొస్తాను," అన్నారు. రికార్డింగు ఆపడం మరిచిపోయారు. కుర్చీ జరిగింది. చెప్పుల చప్పుడు దూరమైంది. ఆ తర్వాత ఖాళీ గది. ఫ్యాను తిరుగుతోంది. తెరిచిన పుస్తకంలో కాగితాలు ఆ గాలికి ఒకటొకటిగా తిరుగుతున్నాయి.

"ఇది కోసెయ్యమన్నరు అందరు," అంది ఆ అమ్మాయి. "నాలుగు నిమిషాలుంటది. నేను కొయ్యలె. ముందుకు గూడ జరప."

ఇద్దరం పక్కపక్కన కూర్చుని, ఆమె ఎప్పుడొస్తారా అని ఫ్యాను చప్పుడు వింటూ ఉన్నాం.